టికెట్ ఎవరికి ఎంత? ఆ డబ్బు ఎవరికి?
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం, ప్రత్తిపాడు)



ఈ మధ్య మన పిల్లల్ని ఉండవల్లి గుహలకు తీసుకెళ్ళాం. టికెట్ బోర్డు చూసి ఒక చెల్లి అడిగింది: "అన్నా, మనకి 25 రూపాయలు, విదేశీయులకి 300. ఇంటికొచ్చిన అతిథి దగ్గర ఎక్కువ తీసుకోవడం తప్పు కాదా?"

తప్పు కాదు తల్లీ. ఆ గుహల కాపలాకి, మరమ్మతుకి అయ్యే ఖర్చులో మన పన్ను ఉంది. పత్తి తీసే కూలీ అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతుంది. పైగా మిరపకోతకు పోయే మనిషికి 300 అంటే చిన్న మాట కాదు. పొరుగున ఉన్న నేపాల్, శ్రీలంక వాళ్ళకు మన రేటే. 15 ఏళ్ళలోపు పిల్లలకు ఏ దేశమైనా ఉచితమే. అమెరికా కూడా 2026 జనవరి 1 నుంచి 11 పెద్ద జాతీయ పార్కుల్లో బయటి దేశస్తుల దగ్గర మనిషికి 100 డాలర్లు అదనంగా తీసుకుంటోంది.

కానీ ముఖం చూసి రేటు కట్టడం మాత్రం తప్పు. ఈశాన్య రాష్ట్రాల మన ఆదివాసీ సోదరులను విదేశీయులనుకుని గేటు దగ్గర ఆపిన సంగతులు వింటూనే ఉన్నాం. సొంత దేశంలో మనిషిని పరాయివాణ్ణి చేయడం కంటే అవమానం ఏముంది?

ఇక అసలు ప్రశ్న. వచ్చిన డబ్బు ఎవరికి పోతోంది?

మన పక్కనే నల్లమల ఉంది. 1983లో అది పులుల ప్రాజెక్టులో చేరింది. అంతకుముందు ఎన్ని తరాలుగానో చెంచులు ఆ అడవిలోనే బతికారు. తేనె తీశారు, గడ్డలు తవ్వుకున్నారు, పులికి దారి వదిలి నడిచారు. ఇవాళ తుమ్మలబైలులో, బైర్లూటిలో సఫారీలు నడుస్తున్నాయి. చెంచు యువకులు కొందరు వాటిలో పని చేస్తున్నారు. సంతోషమే. కానీ జీతం వేరు, వాటా వేరు. జీతం ఇచ్చేవాడి దయ మీద ఉంటుంది, వాటా హక్కుగా వస్తుంది.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం గనుల మీద మొదలైన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలంది. రాయి తవ్వితే వాటా ఉండాలన్నప్పుడు, అడవిని చూపించి సంపాదిస్తే ఎందుకు ఉండకూడదు?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనం సుగాలీలం, యానాదులం, ఎరుకలవాళ్ళం. మైదానంలో ఉన్నాం, అడవి గొడవ మనకెందుకనుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. గ్రామసభలో లేచి నిలబడి మాట్లాడటం నేర్చుకోండి. నల్లమల వెళ్ళినప్పుడు చెంచు గైడునే అడగండి, ఆ పెద్దలు చెప్పే చెట్ల పేర్లు రాసుకోండి. విదేశీయుడు ఇచ్చే ఎక్కువ రూపాయిలో కొంతైనా ఆ గూడేనికి చేరాలని అడుగుదాం. అది చేరిన రోజు ఆ టికెట్టు నిజంగా న్యాయమైన టికెట్టు అవుతుంది.

జై ఆదివాసీ.