‘దిద్దు’ అను మాట



మనము నిత్యము వాడు చిన్నమాట యొకదానిని గూర్చి నేడు మీకు విన్నవింప దలచితిని. అది ‘దిద్దు’ అను క్రియ. తప్పును ఒప్పు చేయుట దీని యర్థమని యెల్లరు నెరుగుదురు. లెక్కలో పొరపాటు దొరలినచో దిద్దుదుము. వ్రాతలో దోషమున్నచో దిద్దుదుము.

అయినను తప్పుతో సంబంధము లేని ప్రయోగములును దీనికి గలవు. నొసట తిలకము దిద్దుదురు. కన్నులకు కాటుక దిద్దుదురు. అచ్చట సవరింపదగిన తప్పేమున్నది? అక్షరాభ్యాసమైన పిల్లవానిచే ఓనమాలు దిద్దింతుము. పంతులు వ్రాసిన యక్షరము మీదనే బాలుడు మరల మరల బలపము నడుపును. వాడింకను తప్పు వ్రాయనే లేదు. మంచి రూపము నెదుట నుంచుకొని చేతి నలవరచుకొనుచున్నాడు. కావున, ఉన్నదానిని ఉండదగిన రూపమునకు దెచ్చుటయే దిద్దుట. తప్పు తీయుట అందొక భాగము మాత్రమే.

ఈ మాట పుట్టుకను విచారించినను ఇదియే తోచును. ఇది సంస్కృతమునుండి వచ్చినది కాదు. ద్రావిడ భాషల సొత్తు. తమిళమున ‘తిరుత్తు’, పాత కన్నడమున ‘తిర్దు’, నేటి కన్నడమున ‘తిద్దు’ దీని తోబుట్టువులు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీనిని ఒక్కచోట జేర్చినది. తమిళులు అడవి కొట్టి పొలము చేయుటకును ‘తిరుత్తు’ అందురు. సేద్యమెరిగిన మీకు దీని సొగసు వేరుగా జెప్ప నక్కరలేదు. బంజరు నేల తప్పు చేసినది కాదు. దానియందలి పంటను వెలికి దెచ్చుటయే దానిని దిద్దుట.

తమిళమున ‘తిరుందు’ అను జంటమాటయు గలదు. తనంత తాను బాగుపడుట దాని యర్థము. మన వాడుకలో అట్టి జంట కానరాదు. మనము ‘దిద్దుకొను’ అందుము. అనగా, ఎవడో యొకడు పూనుకొనవలెను. ఆ పూనుకొనువాడు తానే యైనచో మరియు మేలు.

గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన తమ కథకు ‘దిద్దుబాటు’ అని పేరిడిరి. అందు వేశ్యల పాటకచేరి మరగి రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరు భర్తను కమలిని తిట్టలేదు, రచ్చకెక్కింపలేదు. పుట్టినింటికి బోవుచున్నట్లు జాబు వ్రాసియుంచి, మంచము క్రింద దాగినది. అతడు తన తప్పును తానే తలపోసికొనునట్లు చేసినది.

పెద్దలారా, ఊర తగవు పుట్టినను, కుర్రవాడు దారి తప్పినను జనులు మీయొద్దకే వత్తురు. తప్పు పట్టుట వేరు, దిద్దుట వేరు. తప్పు పట్టువానికి తప్పు కనబడిన జాలును. దిద్దువానికి ఒప్పు తెలిసియుండవలెను, ఓరిమియు నుండవలెను. పలకపై వంకరయక్షరమును చెరిపి ఊరకున్న పంతులు దిద్దినవాడు కాడు. సరియైన యక్షరము వ్రాసి, బాలుని చేయి పట్టి నడిపించినవాడే దిద్దినవాడు.