ఫ్లెక్సీ మిషన్ల పోటీ - మనకి పనికొచ్చే సంగతులు

ఉగాదైనా, బతుకమ్మైనా మన సంఘాలవాళ్ళు ముందుగా చేసే పని ఫ్లెక్సీ కొట్టించడం. ఆ ఫ్లెక్సీలు వేసే పెద్ద ఇంక్‌జెట్ మిషన్ల గురించి ఈ వారం నాలుగు మాటలు చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, ప్రింటు షాపులకి కంప్యూటర్ పనులు చేసిపెడుతుంటాను. "ఇంటిమీద అప్పు తీసుకుని షాపు పెడదామనుకుంటున్నాం, ఏ మిషన్ కొనమంటారు?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం.

ఈ పోటీలో మన కెనడాకీ చోటుంది. మిస్సిసాగాలో గాండి ఇన్నోవేషన్స్ అనే కంపెనీ ఉండేది. వినగానే గాంధీగారు గుర్తొస్తారు గానీ, ఆయనకీ దీనికీ సంబంధం లేదు. వాళ్ళు 'జెటి' పేరుతో భారీ ప్రింటర్లు తయారుచేసేవారు. అటు వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లో ఓసే కంపెనీవాళ్ళు 'అరిజోనా' మిషన్లు రూపొందించారు. వీటిలో ఇంకు అతినీలలోహిత కాంతి తగలగానే గట్టిపడుతుంది కాబట్టి అట్టమీద, చెక్కమీద కూడా నేరుగా ప్రింటు వెయ్యొచ్చు.

ఇంతలో పెద్ద చేపలు దిగాయి. 2005లో వ్యూటెక్‌ని ఈఎఫ్ఐ, సైటెక్స్ విజన్‌ని హెచ్‌పీ కొన్నాయి. 2007లో కలర్‌స్పాన్, 2008లో నూర్ కూడా హెచ్‌పీలో కలిసిపోయాయి. 2009లో గాండి దివాలా అంచుకొచ్చి కోర్టు రక్షణ కోరింది. 2010లో దాని ఆస్తుల్ని బెల్జియం కంపెనీ ఆగ్ఫా తీసుకుంది. అదే ఏడాది ఓసే కెనాన్ చేతికి వెళ్ళింది. అంటే అయిదారేళ్ళలో ఇన్ని పేర్లు చేతులు మారాయన్నమాట.

పోటీవల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. సాల్వెంట్ ఇంకు ఘాటు వాసన, తలుపులు బిగించుకునే మన చలికాలంలో పెద్ద బాధ. హెచ్‌పీ 2008లో చూపించిన లాటెక్స్ ఇంకు నీటితో చేసింది, వేడికి ఆరుతుంది. దాంతో మిగతావాళ్ళూ వాసన తక్కువుండే ఇంకుల మీద దృష్టి పెట్టక తప్పలేదు.

అయితే ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం. కంపెనీలకి మిషన్ ఒక్కసారి అమ్ముడుపోతుంది, ఇంకు మాత్రం ఏళ్ళ తరబడి అమ్ముడుపోతూనే ఉంటుంది. చాలా మిషన్లు సొంత కంపెనీ ఇంకే అడుగుతాయి. వేరేది పోస్తే వారంటీకి ముప్పు.

అందుకని సంతకం పెట్టేముందు ఇవి అడగండి. చదరపు అడుగుకి ఇంకు ఖర్చెంత? హెడ్డు పోతే కొత్తదాని ధరెంత? మీరు సాస్కటూన్‌లో ఉండి, మెకానిక్కు టొరాంటో నుంచి విమానంలో రావాల్సొస్తే ఆ ఖర్చెవరిది? రేపు కంపెనీ చేతులు మారితే విడిభాగాలు ఎన్నేళ్ళు ఇస్తారు? జవాబులన్నీ కాగితంమీద రాయించుకోండి.

ఇంకో మాట. ముందు ఆరునెలలు ఆర్డర్లు మీరు పట్టి, ప్రింటు వేరే షాపులో వేయించండి. నెలవారీ వాయిదాకి సరిపడా పని వస్తోందో లేదో తేలిపోతుంది. ఇల్లు తాకట్టు పెట్టడం గురించి ఆ తర్వాత ఆలోచించొచ్చు.

సెలవు.