ఖాళీని ఖాళీగానే రాయండి

ఈ రోజుతో నర్సింగ్ పట్టభద్రులైన బిడ్డలందరికీ అభినందనలు.

మీరు చదువుకున్న ఈ ఉప్పల్, నాచారం ప్రాంతాన్ని ఒక్కసారి నర్సు కళ్లతో చూడండి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవారికి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రే ఆధారం. నిర్ణీత పరిమితి లోపు జీతగాళ్లకు 1948 నాటి చట్టంతో వచ్చిన హక్కు అది. వరంగల్ వైపు నుంచి బస్సుల్లో వచ్చి, రిపోర్టుల సంచితో ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగే రోగులు అదనం. దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. షుగర్, బీపీ ఒక్కసారి మందిచ్చి పంపేస్తే తీరేవి కావు. కిడ్నీలు పాడయ్యే దాకా వస్తే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ అవసరం కావచ్చు. రోగి మళ్లీ మళ్లీ వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఒక నర్సు కావాలి.

2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకు ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది. సంతోషమే. కానీ ఆ అవసరం ఆ రోజే పుట్టలేదు కదా! అంతకుముందు వార్డులు ఎలా నడిచాయి? ఉన్న సిస్టర్లు డబుల్ డ్యూటీలు చేసి, సెలవులు మానుకుని నెట్టుకొచ్చారు.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. మన మంచితనమే కొరతను కప్పేస్తోంది. ఇద్దరి పని ఒక్కరు చేసి రోస్టర్‌లో ఏమీ రాయకపోతే, కాగితం మీద ఆ వార్డుకు లోటే లేదు. లోటు లేనిచోట కొత్త పోస్టు ఎవరిస్తారు?

బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పరీక్షలో రాశారు. డ్యూటీలోనూ గుర్తుంచుకోండి. అది మీ సౌఖ్యం కోసం పెట్టింది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై 2002లో వెలువడిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి అదనంగా చేరేకొద్దీ ఆపరేషన్ అయినవారు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. లెక్క చూపడం నర్సుకు కొత్త కాదు. నైటింగేల్ చేతిలోని దీపాన్నే మనం పటం కట్టుకున్నాం. సైనికుల మరణాల లెక్కలు పట్టికలుగా వేసి పాలకుల ముందు పెట్టింది కూడా ఆమే.

కాబట్టి హ్యాండోవర్ రిజిస్టర్‌లో ఎన్ని బెడ్లు, ఎందరు సిస్టర్లు అన్నది రోజూ రాయండి. ఇవ్వాల్సిన వేళకు ఇవ్వలేకపోయిన ఇంజెక్షన్ ఉంటే ఆలస్యాన్నీ రాయండి. ఒక్కరు ఒక్కరోజు రాస్తే ఫిర్యాదు అంటారు. అందరూ రోజూ రాస్తే అది లెక్క అవుతుంది, దానికి పైవాళ్లు జవాబు చెప్పక తప్పదు.

మీలో కొందరు జర్మనీకో గల్ఫ్‌కో వెళ్తారు. తప్పేమీ లేదు, వెళ్లండి. అక్కడ నర్సుకు ఎందరు రోగులో చూసి, ఇక్కడి తోటివాళ్లకు చెప్పండి. ఇక్కడే ఉండేవారు మొదటి డ్యూటీ రోజునే అడగండి: “ఈ వార్డుకు మంజూరైన పోస్టులెన్ని? ఉన్నది ఎందరం?”

రోగి దగ్గర ఓపిక పట్టండి, లెక్క దగ్గర మాత్రం మొహమాటపడకండి.