బరువు తగ్గకున్నను నడక మానరాదు
(సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మధుమేహమనగానే శరీరములో ఇన్సులిన్ లేదని పెక్కుమంది తలంతురు. స్థూలకాయులలో తరచుగా జరుగునది వేరు. ఇన్సులిన్ ఉండును, ఒక్కొక్కప్పుడు అధికముగనే యుండును. కాని కండరములును కాలేయమును దాని మాట వినవు. దీనినే ఇన్సులిన్ నిరోధమందురు. మధుమేహులలో ఇన్సులినునకు లొంగువారు, లొంగనివారు అను రెండు తెగలు కలవని ఆంగ్ల వైద్యుడు హిమ్స్‌వర్త్ 1936లోనే చూపెను. పొట్టలోపలను కాలేయములోను క్రొవ్వు చేరినకొలది ఈ మొండితనము పెరుగును. క్లోమము కొన్నియేండ్లు అదనముగా ఇన్సులిన్ ఊర్చి సరిపెట్టును. అది అలసిననాడు రక్తములో చక్కెర హెచ్చును.

వ్యాయామము చేయు మేలు ఇక్కడనే యున్నది. ఊరకున్న కండరములోనికి గ్లూకోసు పోవలెనన్న ఇన్సులిన్ తలుపు తట్టవలెను. పనిచేయుచున్న కండరము ఆ పిలుపునకై వేచియుండదు. తన తలుపు తానే తెరచుకొనును. నడక ముగిసిన పిమ్మటను ఒకటి రెండు దినములు ఇన్సులిన్ మాటను మునుపటికంటె బాగుగా వినును. అందుచేతనే వరుసగా రెండు దినములకు మించి మానరాదని వైద్యులు చెప్పుదురు. ఆదివారమునాడు ఆరు మైళ్లు నడచి వారమంతయు కూర్చుండు మిత్రులు దీనిని గమనింతురుగాక!

“మూడు నెలలు నడచితిని, ఒక్క కిలోయైనను తగ్గలేదు” అని విసిగి మానివేసినవారు మన కుటుంబములలో తక్కువ కాదు. వారికి సమాధానము చెన్నపట్టణముననే కలదు. డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము 2006లో ప్రకటించిన పరిశోధనలో, మధుమేహపు గుమ్మమున నిలిచిన 531 మందిని తీసికొనిరి. సాధారణ సలహా మాత్రమే పొందినవారితో పోల్చగా, ఆహార వ్యాయామములను దిద్దుకొన్నవారికి వ్యాధి వచ్చు అవకాశము 28.5 శాతము తగ్గెను. మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడినవారికి 26.4 శాతము. ఆహార వ్యాయామములు పాటించినవారి బరువు మాత్రము చెప్పుకోదగినంతగా తగ్గలేదు! అట్లని బరువు తగ్గించుకొనుట వ్యర్థమనరాదు. 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో వారమునకు 150 నిమిషముల శ్రమతోపాటు బరువును గూడ తగ్గించుకొన యత్నించినవారికి ఆ అవకాశము 58 శాతము తగ్గెను.

తూనిక మనలను మోసగించుటయు కలదు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండను డాక్టరు యడ్కిన్ 2004లో తమ దేహముల కొలతలనే ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువు లెక్క ఇరువురికిని సమానమే. క్రొవ్వు మాత్రము యడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము. కావున దర్జీవాని టేపును గూడ నమ్మవలెను. నడుము చుట్టుకొలత మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

ఎంత వేగమున నడువవలెను? మాటలాడగలిగి, పాట పాడలేనంత. వీధిలో నడచుటకు సంకోచించు గృహిణులకు మేడ చాలును. మన సమాజ భవనపు ఆవరణము సాయంకాలములందు ఖాళీగనే యున్నది. వారమున రెండు మూడు దినములు చేతులూనక కుర్చీనుండి లేచి కూర్చుండుటవంటి బలసాధనయు చేయవలెను.

ఇన్సులిన్ గాని, చక్కెరను మిక్కిలి దించు మాత్రలు గాని వాడువారు ముందుగా వైద్యుని అడుగవలెను. నడుమ కన్నులు తిరిగిన యెడల వాడుటకై చక్కెర దగ్గరనుంచుకొనవలెను. రొమ్ము నొప్పి వచ్చిన తక్షణము ఆగి వైద్యుని చూడవలెను. గుడిలో ప్రదక్షిణములును నడకయే. కాని పాదములలో స్పర్శ తగ్గినవారు ఎండకు కాలిన బండలపై వట్టికాళ్లతో చేయరాదు.