మూడో ఎనిమిది గంటలు
(తుడియలూరు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు గురించి, బకాయిల గురించి అధ్యక్షులవారు చెప్పారు. నేను ఇంకో బాకీ గురించి మాట్లాడతాను. అది మనకు మనమే పడిన బాకీ.

రోజులో ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది నిద్రకు, ఎనిమిది మనిషి సొంతానికి అని 1817లో చెప్పిన రాబర్ట్ ఓవెన్ స్వయంగా నూలు మిల్లు నడిపినవాడు. దానికోసమే 1886లో చికాగో కార్మికులు ప్రాణాలిచ్చారు. 2023 ఏప్రిల్‌లో మన శాసనసభ పన్నెండు గంటల పనికి వీలిచ్చే బిల్లు ఆమోదిస్తే, సంఘాలన్నీ ఎదిరించాయి. మే 1న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇంతగా కాపాడుకున్న ఆ మూడో ఎనిమిది గంటలను ఏం చేస్తున్నాం? కొంత ఓవర్‌టైముకు, కొంత బ్రాందీ షాపుకు, మిగిలింది సెల్‌ఫోనుకు.

నేనూ రింగు ఫ్రేము దగ్గర తెగిన పోగులు అతికించినవాణ్ణే. షిఫ్టు దిగినా చెవుల్లో ఫ్రేము తిరుగుతూనే ఉండేది. పిల్లలు పలకరిస్తే చికాకు. ఆ రోజుల్లో మా డిపార్టుమెంటు అన్న ఒకాయన, డోలక్కు సాధనకు యూనియన్ గది వారానికి ఒక గంట ఇవ్వమని అడిగాడు. "ఇది పోరాటాల చోటు, పాటల చోటు కాదు" అని పంపేశాను.

తర్వాత మిల్లు మూతపడింది. గేటు ముందు పందిట్లో కూర్చున్నాం. నా ఉపన్యాసాలకు మూడో రోజుకే జనం పల్చబడ్డారు. అప్పుడు ఆ అన్న డోలక్కు తెచ్చాడు. మన ఇంటి తెలుగులో, మధ్యలో తమిళం కలిపి, రేషను బియ్యం మీద పాట కట్టి పాడాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టింది. తప్పు నాదని అప్పుడు తెలిసింది.

తెలంగాణలో ఆలేరు దగ్గర చేనేత ఇంటి బిడ్డ చింతకింది మల్లేశం. బడి మధ్యలో ఆపినవాడు. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే వేల సార్లు చెయ్యి తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అందరం యంత్రాలు చెయ్యనక్కరలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన అక్క వాకిట్లో ముగ్గు వేస్తుంది. మిల్లులో నూలు కౌంటు వేరేవాళ్లు నిర్ణయిస్తారు. ముగ్గుకు ఎన్ని చుక్కలో ఆమే నిర్ణయిస్తుంది. ఆ కాసేపు ఆమె ఎవరికీ కూలి కాదు. మీ అవ్వ పాడే పాటలు నోటుబుక్కులో రాసిపెట్టండి. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనైనా రాయించండి. అవ్వతోనే ఆ పాటలు పోకూడదు.

ఒక మాట. పాట జీతానికి బదులు కాదు, మందుకూ బదులు కాదు. నిద్రపట్టక, బతుకు మీద విరక్తి కలిగితే సిగ్గుపడకుండా ఇ.ఎస్.ఐ. డాక్టరు దగ్గరికి వెళ్లండి. తోడు కావాలంటే నేను వస్తాను.

వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం ఒక గంట యూనియన్ గది పాటకు, బొమ్మకు, కథకు. నా ఉపన్యాసం ఉండదని హామీ ఇస్తున్నాను. ఆ అన్న ఇప్పుడు లేడు. ఆయన అడిగిన తలుపు ఆలస్యంగానైనా తెరుస్తున్నాం. రండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!