మబ్బులకూ ఒక లైఫ్ సర్టిఫికెట్

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, “డి.ఎ. బకాయిల సంగతి ఎలాగూ అందరూ మాట్లాడతారు. మీరు శాటిలైట్ ఆఫీసులో చేశారు కదా, కాసేపు మబ్బుల సంగతి చెప్పండి” అన్నారు. వారి ఆజ్ఞ శిరసావహించి నిలబడ్డాను. భోజనాల వేళకు ముందే ముగిస్తానని హామీ ఇస్తున్నాను.

ప్రతి నవంబరులో మనం బతికే ఉన్నామని ఋజువు ఇచ్చుకుంటాం. బ్యాంకు మేనేజరుగారు మనల్ని ఎదురుగా చూస్తూనే “సర్టిఫికెట్ ఏదండీ?” అంటే కాస్త చిన్నబుచ్చుకుంటాం. ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి ఏడాదికోసారి కాదు, రోజుకు వేలసార్లు ఆ పరీక్ష తప్పదు. “నా కన్ను ఇంకా సరిగ్గానే ఉంది” అని అది ఎప్పటికప్పుడు ఋజువు చేసుకోవాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. కిరాణా కొట్టు తూనికరాళ్ళకు తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేస్తారే, అలాంటిదే ఇదీ.

నా ఉద్యోగం ఉపగ్రహంతో మొదలవలేదు, ఒక రెయిన్‌గేజితో మొదలయింది. 1974లో నాకు 24 ఏళ్ళు. ఖమ్మం పొలాలు అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యేచోట ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆవరణలో ఉన్న రెయిన్‌గేజి చూసే పని కూడా నాదే. రోజూ పొద్దున 8.30కి సీసాలో చేరిన నీటిని కొలజాడీలో పోసి, మిల్లీమీటర్లు రిజిస్టరులో రాయాలి. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఎన్ని భాగాల్లో మబ్బుందో చూడటం ఒక పరిశీలకుడు నాకు సరదాగా నేర్పాడు. ఇప్పటికీ పొద్దున కాఫీ తాగుతూ ఆ లెక్క వేస్తుంటాను.

రెయిన్‌గేజికి దగ్గరలో వనమహోత్సవంలో నాటిన వేపమొక్క ఒకటి ఉండేది. నేను చేరినప్పుడు నా నడుమెత్తు. ఏడేళ్ళలో అది చెట్టయింది. అడ్డు ఎంత ఎత్తు ఉంటే దానికి కనీసం రెండింతల దూరంలో రెయిన్‌గేజి ఉండాలని నియమం. మా అటెండరు ఒకరోజు నవ్వుతూ, “చెట్టు దానికి గొడుగు పట్టింది గదా సారూ, వాన ఏడ పడుద్ది?” అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. రిజిస్టరులో ‘రిమార్కులు’ అని ఒక గడి ఉండేది. అందులో ఒక్క ముక్క రాయలేదు. 1981లో పోటీ పరీక్ష రాసి, హైదరాబాదులో ఉపగ్రహ సమాచారం చూసే పనిలోకి వెళ్ళిపోయాను.

అక్కడి పని గురించి రెండు మాటలు చెబుతాను. అమెరికావారి నోవా ఉపగ్రహాలు సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు పధ్నాలుగు చుట్లు తిరిగేవి. అవి పంపేది బొమ్మ కాదు, అంకెలు. ఒక్కొక్క చుక్కకు 0 నుంచి 1023 దాకా ఒక అంకె. ఆ అంకె ఎంత వెలుగో, ఎంత వేడిమో తేల్చితేగాని అందులోంచి మబ్బు బయటపడదు. వేడిమి చూసే కంటికి కొలబద్దలు ఉపగ్రహంలోనే ఉంటాయి. ప్రతి గీత గీసేటప్పుడూ ఆ కన్ను ఒకసారి శూన్యాకాశం కేసి, ఒకసారి తన కడుపులోనే ఉన్న నల్లని పలక కేసి చూస్తుంది. శూన్యం అతి చల్లన. పలక ఎంత వెచ్చగా ఉందో థర్మామీటర్లు చెబుతాయి. ఆ రెంటి మధ్య మబ్బు వేడిమి ఎక్కడో లెక్కగట్టవచ్చు. పైకి పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది గనుక, మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉందో తెలిస్తే ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. ఒక్క డిగ్రీ తప్పితే ఎత్తు నూట యాభై మీటర్లు తప్పుతుంది.

వెలుగు చూసే కంటికి మాత్రం ఆ ఉపగ్రహాల్లో కొలబద్ద లేదు. పైకి వెళ్ళిన నాటి నుంచి ఆ కన్ను కొద్దికొద్దిగా మసకబారుతుంది. మనలో శుక్లాల ఆపరేషన్ అయినవారికి ఇది వేరే చెప్పక్కరలేదు. ఆపరేషన్‌కు ముందు ట్యూబ్‌లైటు పాడయిందని ఇంట్లోవాళ్ళని కసురుకున్నవాళ్ళం మనం. పాడయింది లైటు కాదు, కన్ను. ఉపగ్రహం కూడా అంతే. దాని కన్ను మసకబారితే ప్రపంచంలో మబ్బులే వెలవెలబోయినట్టు లెక్క తేలుతుంది.

ఈ లెక్కకు ఎందుకంత ప్రాముఖ్యమంటే, భూమి మీద దాదాపు మూడింట రెండు వంతుల ఆకాశం ఎప్పుడూ మబ్బు కప్పే ఉంటుంది. మబ్బు ఎండను వెనక్కి కొడుతుంది, రాత్రి దుప్పటిలా వేడిని ఆపుతుంది. రెండూ కూడి తీసివేస్తే, మొత్తం మీద భూమిని చల్లబరుస్తుంది. రేపు వేడెక్కే లోకంలో ఆ గొడుగు పలచబడుతుందా, చిక్కబడుతుందా అన్నది పెద్ద ప్రశ్న. అందుకే 1983 జూలై నుంచి వివిధ దేశాల ఉపగ్రహాల చిత్రాలన్నీ ఒకచోట చేర్చి, మూడు గంటలకోసారి ప్రపంచ మబ్బుల జమాఖర్చు రాయటం మొదలుపెట్టారు. దానికి అంతర్జాతీయ ఉపగ్రహ మేఘ వాతావరణ ప్రాజెక్టు అని పేరు. న్యూయార్క్‌లోని నాసా గొడ్డార్డ్ సంస్థలో విలియం రోసో అనే శాస్త్రజ్ఞుడు అప్పట్లో దానికి ముఖ్యుడు. నోవా ఉపగ్రహాన్ని ప్రమాణంగా పెట్టుకుని, మిగతా వాటినన్నిటినీ దాని కొలతకు సరిచేసేవారు.

మరి ఆ ప్రమాణానికి ప్రమాణమేది? లిబియా ఎడారి! అక్కడ చెట్టు మొలవదు, వాన దాదాపు లేదు. ఏటేటా ఇసుక వెలుగు మారదు. ఉపగ్రహానికి ఆ ఇసుక కూడా మసకగా కనబడితే, మసకబారింది కన్నేనని తేలిపోతుంది. మన ఇన్సాట్-3డి 2013లో వెళ్ళాక మన శాస్త్రజ్ఞులు కచ్ రణ్‌లోని తెల్లని ఉప్పునేల మీద ఇలాంటి పరీక్షలే చేశారు.

ఈ ఎడారి సంగతి మొదటిసారి చదివిన రోజున నాకు మా వేపచెట్టు గుర్తొచ్చింది. అక్షరాలా చెమట పట్టింది. ఎందుకంటే, ఆ మధ్య ఒక సమావేశంలో మా ప్రాంతం వానల పట్టిక చూపి, “ఇక్కడ వాన ఏటేటా తగ్గుతోంది, కొండవాళ్ళు పోడు కొట్టటమే కారణం” అని ఒకాయన ఘంటాపథంగా చెప్పగా విన్నాను. ఆ పట్టికలో ఏడేళ్ళ అంకెలు నా చేతిరాతలోవి. తగ్గింది వానా, గేజిలో పడ్డ వానా? నేను రాయని ఒక్క ముక్క వల్ల, అడవిలో గంజి తాగి బతికేవాళ్ళ మీద నింద పడింది.

సెలవు పెట్టి వెళ్ళాను. ఆ అటెండరు ఇంకా ఉన్నాడు. ఖాళీ స్థలంలో రెండో గేజి పెట్టించి, వానాకాలమంతా రెండూ కొలిచి రాయమన్నాను. నాలుగు నెలలూ ఒక్కరోజు తప్పకుండా రాశాడు. చెట్టుకింది గేజిలో దాదాపు ఆరోవంతు తక్కువ తేలింది. పైవారికి రాస్తే, “పాత ఫైళ్ళు ఎందుకు తవ్వుతారు?” అన్నారు. చివరికి పాత రిజిస్టరు తెప్పించుకుని, రిమార్కుల గడిలో చెట్టు సంగతీ, రెండు గేజిల లెక్కా రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. అంకె ఒక్కటీ దిద్దలేదు. దిద్దటానికి నాకు అధికారం లేదు. ఏ పరిస్థితిలో కొలిచామో చెప్పే బాధ్యత మాత్రం ఉంది.

ఇలాంటిదే పెద్ద ఎత్తునా జరిగింది. ఆ ప్రపంచ లెక్కలో 1980ల చివరి నుంచి 2000 దాకా మబ్బు తగ్గుతున్నట్టు కనబడింది. కొందరు సంబరపడ్డారు, కొందరు భయపడ్డారు. 2007లో విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు, అందులో కొంతయినా చూపు కోణం మహిమేనని వాదించారు. టేకు ప్లాంటేషన్‌ను రోడ్డు మీద నుంచి ఏటవాలుగా చూస్తే గోడలా ఉంటుంది. లోపలికెళ్ళి తలెత్తితే సందులన్నీ కనబడతాయి. మబ్బులూ అంతే. మన ఇన్సాట్ చిత్రాలు ఆ ఉమ్మడి లెక్కకు చాలాకాలం క్రమంగా చేరలేదు. హిందూ మహాసముద్రం మీది ఆ ఖాళీ, యూరప్ వారి మెటియోశాట్-5ను 1998లో ఇటు జరిపాకే పూడింది. ఏటవాలు చూపు పోయి నిలువు చూపు వచ్చేసరికి మబ్బు తగ్గినట్టు కనబడటంలో వింతేముంది?

భద్రాచలంలో గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టగలుగుతున్నామంటే, కొలబద్దలో సున్నా కదలలేదన్న నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని కాపాడింది పెద్ద శాస్త్రజ్ఞులే కాదు. వాననకా వరదనకా రిజిస్టరు రాసిన చిన్న ఉద్యోగులు కూడా.

అందుకని నా మనవి ఒక్కటే. మనలో చాలామంది కొలతల రిజిస్టర్లు, స్టాకు పుస్తకాలు, లెడ్జర్లు రాసినవాళ్ళం. అప్పుడు రాయని రిమార్కు ఏదైనా గుర్తుంటే, ఇప్పుడైనా తేదీ వేసి రాసి పెట్టండి. మనం ఉండగా రాస్తేనే దానికి విలువ. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మన పెన్షన్ కోసం. ఇది మన పనికి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్.

భోజనాలు సిద్ధమయినట్టు వాసన చెబుతోంది. అది క్యాలిబ్రేషన్ అక్కరలేని పరికరం!