నొప్పి బిళ్లల సంగతి

పొదుపు, రికవరీ లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము బిళ్లల సంగతి చెప్తాం.

నాట్ల రోజుల్లో పొద్దున్నే టీతో పాటు నొప్పి బిళ్ల వేసుకుని పొలానికి పోయేవాళ్లు చేతులెత్తమంటే, మా సంఘంలో సగం చేతులు లేచాయి. నడుము పట్టేసిందని ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోతుంది. బిళ్ల నాలుగైదు రూపాయలకే వస్తుంది. ఆ లెక్క మనకు బాగానే తెలుసు.

మా అక్క ఒకామె ఇట్లాగే రెండేళ్లు వాడింది. పోయిన నాట్లప్పుడు నల్లగా విరేచనమయ్యి, పొలంలోనే కళ్లు తిరిగి పడిపోయింది. కడుపులో పుండు పడి రక్తం పోయిందన్నారు. గేదె కోసం తీసుకున్న అప్పు ఆసుపత్రికి పోయింది. మనిషి దక్కింది, అదే చాలు.

తర్వాతి సమావేశానికి అందరినీ ఇంట్లో ఉన్న మందులు తెమ్మన్నాం. చాప మీద పోస్తే కుప్పయింది. ఏఎన్ఎం గారు ఒక్కొక్క షీటు చదివి చెప్పారు. ఒకామె షాపులో కొన్నదీ, ఆర్ఎంపీ ఇచ్చిందీ రెండూ వేసుకుంటోంది. పేర్లు వేరు, లోపల మందు ఒకటే, డైక్లోఫెనాక్. షీటు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందట. మేము దాన్ని ఇన్నాళ్లూ డిజైను అనుకున్నాం! ఈ నొప్పి బిళ్లలు వేసుకుని, నీళ్లు తాగకుండా ఎండలో పని చేస్తే కిడ్నీలు దెబ్బతింటాయని, బీపీ ఉన్నవాళ్లకు అది ఇంకా పెరుగుతుందని కూడా అప్పుడే తెలిసింది.

మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. "మందులు తగ్గించండి" అని ఊరంతా చెప్పాం. అది విని ఇద్దరు బీపీ బిళ్లలు కూడా మానేశారు. ఒకామెను రాత్రిపూట ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. బీపీ, షుగరు బిళ్లలు డాక్టరు చెప్పకుండా మానకూడదు. మీ ఊళ్లలో ఈ మాట ముందు చెప్పండి, మిగతాది తర్వాత.

ఇప్పుడు నొప్పి తగ్గనివాళ్లకు తోడుగా ఒకరం పీహెచ్‌సీకి పోతున్నాం. నాట్లు గుత్తకు పట్టినప్పుడు నడుము నొప్పి ఉన్నవాళ్లకు గట్టు మీద నారు కట్టలు అందించే పని ఇస్తున్నాం. కూలి అందరికీ సమానమే. దీనికి మాలోనే కొందరు గొణిగారు, ఇంకా గొణుగుతున్నారు.

ఆ అక్క గేదె అప్పుకు గడువు పెంచమని మా సంఘం తీర్మానం రాసి ఇచ్చింది. ఈ రోజే దాన్ని చర్చకు పెట్టమని సమాఖ్యను అడుగుతున్నాం.